ఒళ్ళొచ్చే మాత్ర

హంసలదీవి దగ్గరి ఆ పల్లెపాలెంలో ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్నది డాక్టర్లు తేల్చే సంగతి కాదు. భానుమతి తేల్చేది. ఆమె చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ మందుల విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఎవరికి ఏ మాత్ర ఇచ్చినా ముందు దాన్ని తెచ్చి ఆమె అరచేతిలో పెట్టేవారు. ఆమె వెలుగులో అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఒక్కోసారి నాలుక చివర తగిలించుకుని తీర్పు చెప్పేది. మందంటే మింగిన పూటే ఒంట్లో తెలియాలి. చెమటైనా పట్టాలి, నిద్రైనా ముంచుకురావాలి, ఆకలైనా దంచెయ్యాలి. ఇవేవీ లేకపోతే అది ఆమె లెక్కలో సుద్దముక్క.

ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో మాధవి అనే నర్సు ఉండేది. బీపీకి, షుగరుకి, రక్తం తక్కువైన ఆడవాళ్ళకి ఉచితంగా మాత్రలిచ్చేది. ఎప్పుడు వేసుకోవాలో, ఎందుకు మానకూడదో ఓపిగ్గా చెప్పేది. ఆ ఓపికంటేనే భానుమతికి ఒళ్ళు మంట.

"పనిచేసే మందుకి అంత ఉపన్యాసం ఎందుకే? సరుకు మంచిదైతే నేను చేపల బుట్ట దించగానే అమ్ముడుపోద్ది. పుచ్చు సరుక్కే మాటలెక్కువ" అనేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. మాధవి కూడా నవ్వేసి ఊరుకునేది, ఆ ఊళ్ళో ఉద్యోగం చెయ్యాలి కాబట్టి.

భానుమతిది ఎండుచేపల బేరం. భర్త పోతయ్య, కొడుకు జయకృష్ణ పడవ మీద వేటకు వెళ్ళి తెచ్చిన సరుకులో అమ్ముడుపోనిదాన్ని ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, అవనిగడ్డ దగ్గర్నుంచి గుడివాడ దాకా బస్సులో పట్టుకెళ్ళి అమ్మేది. వాసనకి కండక్టరు ముక్కు మూసుకుంటే, "మీ ఆవిడ పులుసు పెట్టినప్పుడు కూడా ఇట్టాగే మూసుకుంటావా?" అని బస్సంతా నవ్వించేది. నోరు పెద్దది, చెయ్యి గట్టిది. ఆ రెండిటితోనే సంసారం ఈడ్చుకొచ్చింది.

ఒక వానాకాలం ఆమె మోకాళ్ళు పట్టేశాయి. మాధవి నొప్పి మాత్రలిచ్చి, కాపడం పెట్టుకోమంది, కొన్నాళ్ళు బుట్ట ఎత్తవద్దంది. బుట్ట ఎత్తకపోతే భానుమతి ఏమైపోవాలి? అప్పుడు దొరికాడు ప్రభాకర్. మండలం నుంచి మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగే ఆర్ఎంపీ. ఏదో మందుల షాపులో పనిచేసి వైద్యం నేర్చుకున్నాడు. అతనిచ్చే మాత్రలకు అట్టా ఉండదు, పేరూ ఉండదు. కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవాడు. పేరేమిటని అడిగితే, "నీకు పేరు కావాలా, నొప్పి తగ్గడం కావాలా?" అనేవాడు.

నొప్పి ఎగిరిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే భానుమతి బుట్ట నెత్తికెత్తుకుంది. ఆకలి పెరిగింది, బుగ్గలు నిండాయి, మొహం గుండ్రంగా తిరిగింది. చూసినవాళ్ళందరూ ఒళ్ళు చేశావంటే ఒళ్ళు చేశావన్నారు. ఆ పాలెంలో అంతకు మించిన పొగడ్త లేదు. పొట్లం అప్పటినుంచి ఆమె రొంటిన ఉండిపోయింది.

జయకృష్ణకు పెళ్ళయింది వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు. పిల్ల పేరు లిఖిత. బందరు పక్కన గిలకలదిండి అమ్మాయి. సన్నగా, చలాకీగా ఉండేది. అత్తారింటికి వచ్చిన కొద్ది నెలలకే ఆ చలాకీతనం కాస్తా అరిగిపోయింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆ ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళే మగాళ్ళు ముందు తినాలి, తర్వాత బేరానికి వెళ్ళే అత్త తినాలి, చివరికి గిన్నె అడుగున మిగిలిన పులుసు కోడలిది. భానుమతి కూడా కోడలిగా ఆ అడుగు పులుసే తిని పెరిగింది. ఆ వరస మారుద్దామన్న ఆలోచన ఆమెకు కల్లో కూడా రాలేదు.

మాఘ పౌర్ణమికి సాగరసంగమంలో స్నానానికి లిఖిత తల్లి రామలక్ష్మి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒడ్డున ఉన్నారు. తడి చీరలో కూతురి మెడ కింద ఎముకలు లెక్కపెట్టేలా కనిపించాయి. రామలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని ముంజేతి గాజును అందరూ చూస్తుండగానే మోచేయి దాకా తోసింది. అది ఎక్కడా ఆగకుండా పోయింది.

"ఏం వదినా, ఎండుచేపలతో పాటు మా పిల్లని కూడా ఎండేశావా?" అంది.

ఒడ్డంతా గొల్లుమంది. ఇన్నేళ్ళుగా ఊరిని నవ్వించిన భానుమతిని చూసి ఊరు నవ్వడం అదే మొదటిసారి. ఆమెకు తలకొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే కోడలి మీద విరుచుకుపడింది.

"మీ అమ్మ ముందర చేతులు చాపుకుని నిలబడ్డావే, సిగ్గులేదా? నిన్ను నేను మాడ్చి చంపుతున్నానా? చెప్పు!"

లిఖిత తల దించుకుని, "నేనేమీ అన్లేదత్తా" అంది.

మర్నాడే ఆమెను ఆరోగ్య కేంద్రానికి ఈడ్చుకెళ్ళింది. మాధవి వేలు మీద సూదితో గుచ్చి చూసి, రక్తం బాగా తక్కువగా ఉందంది. ఐరన్ మాత్రలిచ్చి, గుడ్డు, ఆకుకూర పెట్టమంది. "అందరితో పాటే కూర్చోబెట్టి అన్నం పెట్టండి పెద్దమ్మా, చాలు" అని కూడా అంది. ఆ చివరి మాట భానుమతికి సూదికన్నా లోతుగా గుచ్చుకుంది.

ఐరన్ మాత్రలకు లిఖితకు కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా అయింది. భానుమతికి కావలసిన సాక్ష్యం దొరికింది. వారం తర్వాత మాధవి ట్యాబు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ, ఇచ్చిన మందులతో తృప్తిగా ఉన్నారా లేదా అని అడుగుతూ వచ్చింది. భానుమతి గుమ్మంలోనే నిలబడి ఊరంతా వినేలా చెప్పింది.

"లేదని రాసుకో. పేగులు కుళ్ళబెట్టే మందులని రాసుకో. మీ పెద్దోళ్ళకి చెప్పు, భానుమతి చెప్పిందని."

ఆ సాయంత్రానికి పాలెంలో సగం మంది ఆడవాళ్ళు తమ మాత్రలు కూడా తృప్తిగా లేవని రాయించారు. చెప్పొచ్చేదేమంటే, ఆ పాలెంలో రక్తం ఉన్న ఆడది ఒక్కతీ లేదు.

భానుమతి రొంటిలోంచి పొట్లం తీసి కోడలికిచ్చింది అప్పుడే. "ఇది బలం మాత్ర. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎవరికీ చెప్పకు. మందిస్తున్నానంటే తిండి పెట్టట్లేదనుకుంటారు" అంది. ఇంకో ముద్ద అన్నం పెడితే సరిపోయేదానికి మాత్ర వెతికిన మనిషిని ఏమనాలో నాకు తెలియదు. తిట్లన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి, మనకి మిగల్చలేదు.

మాత్ర పనిచేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. లిఖితకు ఆకలి పుట్టింది. ఆకలి ఎంత పుట్టిందంటే, గిన్నె అడుగున ఉన్నది చాలక పచ్చి బియ్యం నమిలేది. అత్త విసుక్కుంటూనే ఇంకాస్త వండింది. వేసవి వచ్చేసరికి ఎముకలు కనిపించడం మానేశాయి. మొహం చందమామలా తిరిగింది, బుగ్గలు ఎర్రబడ్డాయి. వేట నిషేధంలో ఇంటిపట్టున ఉన్న జయకృష్ణ పెళ్ళాం చుట్టూ తిరగడం చూసి పోతయ్య కూడా మురిసిపోయాడు. పక్కింటివాళ్ళు, దారిన పోయేవాళ్ళు, అందరూ ఒకటే మాట: భానుమతి కోడల్ని ఎంత బాగా మేపిందో!

ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ఛాతీ ఇంత పొంగేది. సరిగ్గా ఎండని చేప బరువు తూగుతుందని, అందులో ఉన్నది కండ కాదు నీళ్ళని ఆమెకు తెలియకపోలేదు. కొత్త బేరగాళ్ళకు అలాంటి సరుకు ఆమే అంటగట్టేది. కోడలి మొహంలో అదే నీరుందని మాత్రం తట్టలేదు. తొడల మీద ఎర్రటి చారలు పడ్డాయని లిఖిత చూపిస్తే ఒళ్ళొస్తుంటే చర్మం సాగదా అంది. పైపెదవి మీద నూగు వచ్చిందంటే పసుపు రాసుకోమంది. మాధవి ఒకసారి దారిలో ఆపి, "లిఖితా, ఏమైనా మాత్రలు వాడుతున్నావా? మొహం ఉబ్బినట్టుంది" అనడిగితే భానుమతి మధ్యలో దూరింది.

"నా చేతి వంట తింటంది. నీ మందుల్తో రాని ఒళ్ళు నా పులుసుతో వచ్చిందని ఏడుపా?"

వేట మళ్ళీ మొదలయ్యే రోజున పడవకు పూజ చేసి, వియ్యాలవారిని భోజనానికి పిలిచారు. రామలక్ష్మి వచ్చి కూతుర్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. అందరి ముందూ భానుమతి రెండు చేతులూ పట్టుకుని, "వదినా, ఆ రోజు నోరు జారాను. నా కన్నా బాగా చూసుకుంటున్నావు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భానుమతి ఆ రోజు అన్నం తినకపోయినా కడుపు నిండిపోయేది.

మర్నాడు పొట్లం ఇవ్వడం మానేసింది. చూడాల్సినవాళ్ళు చూశారు, కావాల్సిన పని అయిపోయింది. ఇంక అనవసరంగా మాత్ర దండగ చేయడమెందుకని ఆమె లెక్క. అది స్టెరాయిడ్ అని, ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో ఉండాల్సిన శక్తి కూడా ఆగిపోయి మనిషి కుప్పకూలుతుందని ప్రభాకర్ ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి అతనికి తెలిస్తే కదా.

కొద్దిరోజులకే లిఖిత కుంగిపోయింది. లేస్తే కళ్ళు తిరిగేవి. చీపురు పట్టుకుంటే చేతుల్లో పట్టు లేదు. అన్నం చూస్తే వాంతి వచ్చేది.

"అత్తా, ఆ బలం మాత్ర ఒక్కటియ్యవా? అదేసుకుంటే లేచి తిరగ్గలను" అని అడిగింది.

"మరిగావా దానికి? మగాడు సారాకి మరిగినట్టు. ఒళ్ళొచ్చింది, ఒళ్ళుతో పాటు బద్ధకం కూడా వచ్చింది. లే!"

మూడుసార్లు అడిగింది. చివరిసారి అత్త కాళ్ళు పట్టుకుని అడిగింది. పొట్లం అక్కడే, అత్త రొంటిలోనే, ఆమె నుదుటికి జానెడు దూరంలో ఉంది. భానుమతి కాలు వెనక్కి లాక్కుని, నెత్తళ్ళ చేపలు ఆరబెట్టే పని ఉందని బయటకు పంపింది.

వానలు మొదలై నీళ్ళు మారడంతో పాలెంలో విరేచనాలు పట్టుకున్నాయి. అందరికీ రెండు రోజుల్లో తగ్గాయి. లిఖిత రెండో రోజు మిట్టమధ్యాహ్నం ఆరబోసిన చేపల మీదే బోర్లా పడిపోయింది. చెంపకు, జుట్టుకు చేపలు అంటుకుని ఉన్నాయి. పక్కింటి ఆడవాళ్ళు కేకలు వేస్తే మాధవి పరుగున వచ్చింది. బీపీ చూస్తే అట్టడుగున ఉంది. నూటెనిమిదికి ఫోన్ చేస్తూనే అడిగింది.

"పెద్దమ్మా, ఏం మాత్రలు వాడింది? దాచకుండా చెప్పు."

"నువ్విచ్చిన ఐరన్ మాత్రలే" అంది భానుమతి. నిజానికి అవి నెలల కిందటే పెంటలోకి వెళ్ళాయి.

పోతయ్య, జయకృష్ణ సముద్రం మీద ఉన్నారు. అంబులెన్సులో కోడలి పక్కన భానుమతి ఒక్కతే కూర్చుంది. అవనిగడ్డలో సెలైను పెట్టి బందరు పెద్దాసుపత్రికి పంపేశారు. అక్కడికి చేరేసరికి రామలక్ష్మి చిన్నకూతురు ఐశ్వర్యను వెంటబెట్టుకుని గుమ్మంలో కాచుకుని ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరు చంద్రశేఖర్ కుర్రవాడు. వార్డు నిండా విరేచనాల కేసులు, అతనికి ఊపిరి సలపడం లేదు. సెలైను ఎక్కుతున్నా బీపీ లేవడం లేదని నర్సు చెబితే మళ్ళీ వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మీరు అత్తగారు కదా? ఈ అమ్మాయి మామూలు మందులు కాకుండా ఇంకేమైనా వాడిందా? ఒళ్ళునొప్పులకి గానీ, ఆయాసానికి గానీ, ఒళ్ళు రావడానికి గానీ? ఆర్ఎంపీలు పొట్లాల్లో ఇస్తుంటారు. వాడి ఉంటే వేరే ఇంజెక్షన్ చెయ్యాలి. దాన్నిబట్టే వైద్యం మారుతుంది. దాచకండి."

పక్కనే రామలక్ష్మి ఉంది. భుజానికి భుజం తగులుతోంది. భానుమతి చెయ్యి తనకు తెలియకుండానే రొంటి మీదికి పోయింది. చీర మడతలో పొట్లం వేళ్ళకు తగిలింది. తియ్యాలనిపించింది. అబద్ధం చెప్పకూడదు, ఆ క్షణం ఆమెకు నిజంగానే తియ్యాలనిపించింది. తీస్తే రామలక్ష్మి చూస్తుంది. ఒళ్ళు పులుసుతో వచ్చింది కాదని పొద్దుగూకేలోగా పాలెమంతా తెలిసిపోతుంది. మాఘ పౌర్ణమి నాటి నవ్వు మళ్ళీ చెవుల్లో మోగింది.

"మా ఇంట్లో మందులేంటి బాబూ? తిండే. ఐరన్ మాత్రలు మింగిందంతే" అంది.

"అవునండీ, మా వదిన కన్నకూతురిలా చూసుకుంటది" అని రామలక్ష్మి వంతపాడింది.

డాక్టరు వెనక్కి తిరిగాడు. అప్పుడే లిఖిత కళ్ళు తెరిచింది. చూపు అత్త మీద నిలిచింది. పెదవులు కదిలాయి. గొంతు పైకి రాలేదు గానీ, దగ్గరున్న భానుమతికి స్పష్టంగానే వినిపించింది.

"మాత్ర... అత్తా... మాత్ర..."

డాక్టరు ఆగి, "ఏమంటోంది?" అనడిగాడు.

"దాహం అంటందండీ" అంది భానుమతి.

నర్సు దూదితో పెదవులు తడిపింది. లిఖిత కళ్ళు మాత్రం అత్త మీది నుంచి కదల్లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఆ చూపులో ఇంకా అడగడమే ఉంది, ఇస్తుందేమోనన్న ఆశే ఉంది. భానుమతి లేచి గోడవైపు వెళ్ళి నిలబడింది. వైద్యులు తమకు తెలిసినదేదో చేశారు. పడవ ఒడ్డుకు చేరి, కబురు తెలిసి జయకృష్ణ వచ్చేసరికి మంచం ఖాళీ అయింది.

పాలెం అట్టుడికిపోయింది. ఆరోగ్యంగా, నిండుగా ఉన్న పిల్ల ఎలా పోయింది? ఐరన్ మాత్రల వల్లనే. ఆసుపత్రిలో కూడా అదే రాశారట అని ఒకళ్ళు, అంతకుముందే భానుమతి హెచ్చరించిందని ఇంకొకళ్ళు. ఆడవాళ్ళు మాత్రలన్నీ తెచ్చి ఆరోగ్య కేంద్రం గుమ్మంలో పారబోశారు. నిండుగర్భిణి ఒకామె కూడా మందులు మానేసింది. మాధవి సంజాయిషీ చెప్పబోతే ఎవరో ఇసక కొట్టారు. పై అధికారులు వచ్చి విచారించి, ప్రజలు తృప్తిగా లేరు కాబట్టి ఆమెను అక్కడినుంచి తీసేశారు. ఆ సాయంత్రం ప్రభాకర్ బండి పాలెంలో ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగింది.

భానుమతి ఎవరితోనూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, ఊరే ఆమె తరఫున మాట్లాడింది. మోకాళ్ళ కోసం ఆమె తన మాత్ర తాను వేసుకుంటూనే ఉంది. మానేద్దామనుకుంది గానీ, మానేస్తే ఏమవుతుందో ఆమె కళ్ళారా చూసింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పెద్దలు పందిట్లో కూర్చున్నారు. రామలక్ష్మి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. ఐశ్వర్యను పక్కన కూర్చోబెట్టుకుని, వియ్యపురాలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వదినా, రాసిపెట్టింది అంతే. అల్లుడు ఒంటరివాడై తిరుగుతుంటే చూళ్ళేకపోతున్నా. మన కులంలో ఉన్నదేగా, అక్క ఇంటికే చెల్లెలు. ఏడాది తిరిగాక మా ఐశ్వర్యని మీ ఇంటికే ఇద్దామని ఆయనా నేనూ అనుకున్నాం. ఇంకెక్కడికి పంపినా నాకు నిద్ర పట్టదు. మా పెద్దదాని ఒంటిమీద కండ పట్టించిన చెయ్యి నీది. దీన్ని కూడా అలాగే సాకు."

పెద్దలు తలలాడించారు. పోతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఐశ్వర్య తల వంచుకుని ఉంది. అక్కకన్నా సన్నగా ఉంది. భానుమతి చూపు పిల్ల ముంజేతుల మీదికి పోయింది. ఈ పిల్ల తన గుమ్మం ఎక్కిన నాడు ఊరంతా ఆ చేతుల్నే చూస్తుంది. అక్క అంత నిండుగా చెల్లెలు కాకపోతే ఎందుకు కాలేదని అడుగుతుంది. ఆ వెంటనే ఆమె మనసులో ముందుగా మెదిలింది పొట్లమే. అది మెదిలినందుకు ఆమెకు తనంటే తనకే వణుకు పుట్టింది. వద్దని అరవాలనిపించింది.

అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"అలాగే వదినా, పంపించు" అంది.

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి మరి.